చెక్క జాజికాయ న్యాయం

కావ్యారంభంలో ఇష్టదేవతాస్తుతి చేసి, ఆ వెంటనే కుకవినింద చేయడం మన పూర్వుల సంప్రదాయం. ఇందులో స్తుతిభాగాన్ని నేను నిర్వహిస్తాను. వెలిగోన ఊరి ఆడపడుచు చెంచులక్ష్మీ అమ్మవారికి నమస్కారం. ఆమె చేయి పట్టిన పెద్దకొండ నరసింహస్వామికి నమస్కారం. నిందాభాగం విషయంలో నేను శ్రమపడనక్కరలేదు. దానిని మా జిల్లా యంత్రాంగం వారు టెండరు పిలిచి మరీ సేకరించారు.

మాది కొత్త జిల్లా. పటం మీద గీత గీసిన మహనీయులు కొండకూ ఊరికీ నడుమ గీయడం వల్ల స్వామివారు మంచాల జిల్లాలోనూ, అమ్మవారు వెలిగోన జిల్లాలోనూ ఉండిపోయారు. ఆనాటినుంచి వారి కల్యాణం అంతర్జిల్లా వ్యవహారమైంది. అయినా దైవదంపతులు అన్యోన్యంగానే ఉన్నారు గనుక ఎవరూ ఆక్షేపించలేదు.

మాకు ప్రత్యేకాధికారిగా వచ్చిన కోదండపాణి గారు రవాణా వ్యవస్థను అధ్యయనం చేయడానికి అమెరికాలోని కనెక్టికట్ అనే రాష్ట్రానికి వెళ్ళివచ్చారు. అక్కడి రహదారులను, వంతెనలను, నది దాటించే ఒక పురాతనమైన బల్లకట్టును చూశారు. కాని ఆయన హృదయంలో నాటుకొన్నవి రెండే: ఆ రాష్ట్రపు జెండా, దాని మారుపేరు. తిరిగివచ్చిన వెంటనే 'జిల్లా ఉపనామ ఉత్పత్తి నిర్ధారణ సంఘం' ఏర్పడింది. విశ్రాంత తెలుగు పండితుణ్ణి గనుక నన్ను సాహిత్య సభ్యుడిగా చేర్చారు. బస్సు డిపో మేనేజరు జిలానీ బాషా రవాణా సభ్యుడు. అతడు నా పూర్వశిష్యుడు. ఛందస్సులో బలహీనుడైనా మనిషి మంచివాడు.

మొదటి సమావేశంలో కోదండపాణి గారు బల్లమీద ఒక చిన్న జెండాను నిలిపారు. నీలిగుడ్డ, నడుమ తెల్లని డాలు, డాలుపై మూడు ద్రాక్షతీగలు, కింద లాటిన్ భాషలో ఒక వాక్యం.

"దీని తాత్పర్యమేమిటండీ?" అని అడిగాను.

"'నాటినవాడే నిలబెట్టును' అని అక్కడివారు సెలవిచ్చారు."

"నారు పోసినవాడు నీరు పోయడా అని మా అవ్వ కూడా సెలవిచ్చేది."

ఆయన ముఖం వికసించింది. "చూశారా! సూక్తి మన దగ్గర సిద్ధంగా ఉంది. ఇక కావలసింది మారుపేరొక్కటే. సదరు రాష్ట్రమును ప్రజలు జాజికాయ రాష్ట్రమని పిలుతురు. ఏల?"

జవాబు కూడా ఆయనే చెప్పారు.

"పూర్వం అక్కడి తిరుగుడు వర్తకులు కొయ్యను జాజికాయల్లా చెక్కి అసలు జాజికాయలని అమ్మారట. పొరుగువారు ఎగతాళి చేశారు. నిజమో అబద్ధమో నేటికీ తేలలేదు. కాని ఆ ఎగతాళినే వీరు బిరుదుగా ధరించారు. అదీ ఆత్మవిశ్వాసం!"

"మరి ఆ పేరు అక్కడి బండ్ల నంబరు పలకలపై ఉంటుందా సార్?" అన్నాడు జిలానీ.

"ఉండదు. పలకపై 'రాజ్యాంగ రాష్ట్రం' అనే మర్యాదగల పేరు ఉంటుంది. అంత గొప్ప నిందను పలకకు ఎక్కించే ధైర్యం వారికి లేకపోయింది. మనకు ఉంది."

అక్కడికక్కడే నిబంధనలు వెలువడ్డాయి. మారుపేరు ఎగతాళి అయి ఉండవలెను. పరజిల్లావారు పెట్టినదై ఉండవలెను. ఎట్లు పుట్టినదో సాక్షులతో రుజువు కావలెను. నేను రాత్రంతా కూర్చి తెచ్చిన 'కోనసిరి', 'సుమనోహరి' వంటి పేర్లను ఆయన సానుభూతితో పక్కకు నెట్టారు. "ఇవి పొగడ్తలు పండితులవారూ. పొగడ్తకు చారిత్రక విలువ లేదు."

చివరి నిబంధనను ఎవరూ పట్టించుకోలేదు. తీరా చూస్తే ప్రాణం అందులోనే ఉన్నది: మారుపేరు గల పలక బిగించని ప్రజారవాణా వాహనములన్నియు అనామక వాహనములుగా పరిగణింపబడి డిపోయందే నిలుపబడును.

మరునాడు నా పూజకు పూలు రాలేదు.

పూలు తెచ్చేది ఈతమానుపల్లె పెంచలమ్మ. జిల్లా పొలిమేరలోని కోనలో ఆమెకు ఒక చిన్న చామంతి తోట ఉన్నది. వేకువనే కోసి, బుట్టలకెత్తి, తడిగుడ్డ కప్పి, మొదటి బస్సు మీద వేయించుకొని, ఎండ ముదరకముందే వెలిగోన పూలబజారుకు చేరుస్తుంది. దానిని జనం పూలబస్సు అనే పిలుస్తారు. ఆ బస్సు తప్పిందంటే అవి చామంతులు కావు, పశుగ్రాసం. పశువులు సైతం అంతగా ఇష్టపడవు.

నేను డిపోకు వెళ్ళాను. బస్సులన్నీ వ్రతనిష్ఠలో ఉన్నట్టు వరుసగా నిలబడి ఉన్నాయి. ముందర ఒక గడకు తెల్లగుడ్డ ఎగురుతున్నది.

"అదేమిటి నాయనా?"

"జిల్లా జెండా అయ్యవారూ," అన్నాడు జిలానీ. "పేరు తేలినాక దాని మింద బొమ్మ ఏస్తారంట. అందాకా గుడ్డ ఎగరేయమన్న్యారు."

"మరి బస్సుల సంగతి?"

"ఆర్డరొచ్చినాక నేనేం చేసేది? ఇందాక ఒకాయన పెండ్లికి పోవల్లని ఏడిస్తే, బస్సు డిపోలోనే రెండు సుట్లు తిప్పి దించినా."

సంఘం మాత్రం నిద్రపోలేదు. నిందల సేకరణకు సీల్డు టెండర్లు పిలిచారు. వచ్చినది ఒక్కటే. రోడ్లకు కంకర సరఫరా చేసే గుత్తేదారు పొరుగు జిల్లాలో మనుషులను పెట్టి నిందలు తవ్వించుకొని వచ్చాడు. కోదండపాణి గారు కళ్ళద్దాలు సవరించుకొని ఒక్కొక్కటే పరీక్షించారు.

"'ఎండ ఎక్కువ జిల్లా.' ఇది నింద కాదు, వాతావరణ సూచన. 'కోతుల జిల్లా.' కోతులు అన్ని జిల్లాలలోనూ ఉన్నవి; ప్రత్యేకత శూన్యం. 'ఏదో ఒక జిల్లా.' ఇదేమిటయ్యా?"

"అంతకంటే ఎక్కువ తిట్టమంటే, 'వాళ్ళు మాకేం చేసినారని' అంటాండారు సార్," అన్నాడు గుత్తేదారు. "మీరు ముందు ఏమన్నా చెయ్యండి, తర్వాత నాణ్యమైన సరుకు నేను తెస్తా."

సరుకు నాసిరకమని తిరస్కరించి, మంచాల జిల్లా యంత్రాంగానికే నేరుగా రాశారు. జవాబు సత్వరమే వచ్చింది: 'మీ జిల్లా గురించి మా జిల్లా ప్రజలకు ఎట్టి అభిప్రాయమూ లేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది.'

కోదండపాణి గారు దానిని రెండుసార్లు చదివించారు. నేను అలంకారశాస్త్రంలో నిందను గూర్చి చాలా చదివాను. ఇంతటి నిందను మాత్రం ఎక్కడా చూడలేదు. కాని పలక మీద పట్టదు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకొని పెంచలమ్మ వచ్చింది. కోనలోనుంచి నడిచి వచ్చింది. పైట నిండా ఉన్న వాడిన చామంతులను అధికారి బల్లమీద, మూడు ద్రాక్షతీగల జెండా చుట్టూ కుమ్మరించింది.

"ఏం దొరా, నీకు తిట్లు కావల్నంట గదా? నన్ను పిలిస్తే సాలదా? బేరం లేకుండా ఇస్తా."

"అమ్మా, తమరు ఏ జిల్లా?"

"ఈ జిల్లానే."

"అట్లయిన చెల్లదు," అన్నారాయన, నిజమైన విచారంతో. "తిట్టు పరజిల్లాది కావలెను. అయినను తమరు బస్సులు లేవని చింతింపరాదు. కనెక్టికట్‌లో ఒక సుందరమైన రహదారి ఉన్నది. దానిపై బస్సులకు, లారీలకు ప్రవేశమే లేదు. అక్కడ అట్టివి ఒకటి రెండే. మన జిల్లాలో ఇప్పుడు రోడ్లన్నియు ఆ స్థాయికి చేరినవి."

పెంచలమ్మ నా వైపు తిరిగింది. "సామీ, ఈయన మాట్లాడేది తెలుగేనా?"

"తెలుగేనమ్మా. ప్రభుత్వపు తెలుగు."

"నారు పోసినోడు నీరు పోయడా అంటారు. పోసినాడు. ఈ యేడు వాన ఇచ్చినాడు, మొగ్గకొక మొగ్గ పూయించినాడు. ఇంగ బస్సు గూడా ఆయనే తోలల్లనా? సూడు సామీ, అమ్మవారి కల్యాణానికి పూలు ఎప్పుడూ నా తోటయే. ఆ పూలు గూడా గుడికి చేరకపోతే తోట దున్నేసి జొన్న సల్లుకుంటా. జొన్నయితే బస్సు కోసరం ఏడ్వదు."

ఆమె వెళ్ళిపోయింది. బల్లమీది పూలను ఎవరూ ఊడ్వలేదు. ఆ వాడిన పూలను చూస్తుండగా నాకొక ఆలోచన కలిగింది. అది మంచిదని ఆనాడు అనుకొన్నాను.

"అయ్యా, పొరుగువారు మనల్ని మనసారా తిట్టే సందర్భం ఏటేటా ఒకటి ఉన్నది. అమ్మవారి కల్యాణం. స్వామివారి పక్షాన మంచాలవారు మగపెళ్ళివారై వస్తారు. భోజనాల బంతిలో కూర్చొని వారి ఆడవాళ్ళు మనమీద వియ్యాలవారి పాటలు కడతారు. అది శాస్త్రసమ్మతమైన నింద. పరజిల్లాది. ఊరంతా సాక్షి."

కోదండపాణి గారు లేచి నాకు కరచాలనం చేశారు. సంతోషం ఒక క్షణం నిలిచింది. తరువాత జిలానీ మెల్లగా గొంతు సవరించుకొన్నాడు.

"కల్యాణానికి పూలు కావల్ల గదా సార్. పూలు బస్సు మింద రావల్ల. బస్సుకు పేరు కావల్ల. పేరేమో కల్యాణంలో గదా పుట్టేది..."

నా నోట అప్రయత్నంగా ఒక ఆటవెలది వెలువడింది.

పేరు లేక బస్సు పెరటిలో నిలిచెను,
బస్సు లేక పూలు పల్లె వాడె,
పూలు లేక పెళ్ళి పొసగదు, పెళ్ళియే
లేక పేరు లేదు లెక్క చూడ!

"అద్భుతం!" అన్నారు అధికారి. "దీనిని తీర్మానముగా ఆమోదించవచ్చునా?"

ఏకగ్రీవంగా ఆమోదించారు. గుడి అర్చకులైన ఆచార్యులవారికి ప్లాస్టిక్ పూలు వాడవలసిందిగా సూచన వెళ్ళింది. ఆచార్యులవారు ఆ సూచనను పంపినవారి శ్రేయస్సు కోరి ఒక శాంతి చేయించారు.

కల్యాణం నాటికి నింద తప్పక పుట్టేలా కోదండపాణి గారు పకడ్బందీ ఏర్పాట్లు చేశారు. 'మగపెళ్ళివారి మర్యాదలయందు తగుమాత్రపు లోపములు పాటించవలెను' అని ఉత్తర్వు. పప్పులో ఉప్పు వేయరాదు. చాపలు పొట్టివి పరచవలెను. రెవెన్యూ సిబ్బంది పందిట్లో కూర్చొని విస్తళ్ళకు ఒక్కొక్క చిల్లు పొడిచారు. చిల్లు పరిమాణంపై భేదాభిప్రాయం వస్తే సర్వేయరును పిలిపించారు. ముహూర్తం దగ్గరపడుతున్నది. పందిరి ఉన్నది, మేళం ఉన్నది, పీటలు ఉన్నాయి. పూలబుట్ట మాత్రం ఖాళీగా ఉన్నది. ఆచార్యులవారు తలుపు వంక చూస్తున్నారు. నేను అమ్మవారి వంక చూడలేక నేల చూస్తున్నాను.

దూరంగా తప్పెట్లు వినిపించాయి. మంచాలవారి ట్రాక్టర్లు వచ్చాయి. ముందరి ట్రాక్టరులో స్వామివారి ఉత్సవమూర్తి. వెనుకటిదానిలో, తడిగుడ్డలు కప్పిన బుట్టల నడుమ, రాణివలె పెంచలమ్మ!

జరిగినదేమంటే, పొలిమేరలో బుట్టలు పెట్టుకొని, బస్సు కాకున్నా ఏదో ఒక బండి రాకపోతుందా అని కూర్చొన్న ఈమెను మగపెళ్ళివారు చూశారు. విషయం విని కడుపుబ్బ నవ్వారు. బుట్టలనూ మనిషినీ ఎక్కించుకొని వచ్చారు. ఆడపెళ్ళివారు తేవలసిన పూలను మగపెళ్ళివారు మోసుకురావడం మా అమ్మవారి చరిత్రలో ఎన్నడూ లేదు.

మంచాలవారి పెద్దముత్తయిదువ ఓబుళమ్మ ట్రాక్టరు దిగుతూనే డిపో వైపు చేయి చూపింది. "ఏం వదినా, మేం రాకముందే తెల్లజెండా ఎత్తినారే! పాట పాడకముందే ఓడిపోయినారా?"

"ఓడినేది మా ఊరోళ్ళు కాదులే వదినా, మా దొరలు," అన్నది పెంచలమ్మ బుట్ట దించుతూ. "నువ్వు పాడు. గట్టిగా పాడు. ఆయప్పకు తిట్లు కరువైనాయంట."

మాంగల్యధారణ జరిగింది. చామంతుల నడుమ అమ్మవారి ముఖం చూశాక నాకు ఊపిరి వచ్చింది. అనంతరం బంతి. కోదండపాణి గారు స్తంభం చాటున స్టెనోగ్రాఫరుతో సిద్ధంగా నిలుచున్నారు. మగపెళ్ళివారు చిల్లుల విస్తళ్ళను చూసి, రెండేసి కలిపి వేసుకొన్నారు. ఉప్పు లేని పప్పును తాము తెచ్చుకొన్న ఊరగాయతో కలుపుకొని తృప్తిగా తిన్నారు. పొట్టిచాపల మీద పిల్లలను కూర్చోబెట్టారు. నిందాలేశం పుట్టలేదు. అధికారి ముఖం పాలిపోయింది.

"ఎంత సంస్కారం పండితులవారూ! ఘోరం!"

అప్పుడు ఓబుళమ్మ తాంబూలం బుగ్గన పెట్టుకొని గొంతెత్తింది. వెనుక పాతికమంది ఆడవాళ్ళు అందుకొన్నారు.

పందిరేసినారు గానీ పూలు మరిచినారే, ఓ వదినా, పూలు మరిచినారే!
మోసి తెచ్చినాము మేము మొగపెళ్ళివాళ్ళం, ఓ వదినా, మొగపెళ్ళివాళ్ళం!
జెండ యెగరేసినారు తెల్లగుడ్డ ముక్క, ఓ వదినా, తెల్లగుడ్డ ముక్క!
బస్సులేని జిల్లాకింత బడాయెందుకమ్మా, ఓ వదినా, బడాయెందుకమ్మా!

పందిరి దద్దరిల్లింది. మా ఊరివాళ్ళు సిగ్గుతో నవ్వారు. కోదండపాణి గారు స్తంభం చాటునుంచి వెలికి దూకి, ఓబుళమ్మకు సాష్టాంగపడబోయి, హోదా గుర్తుకు వచ్చి ఆగిపోయారు.

"'బస్సు లేని జిల్లా!' అమ్మా, మరొక్కసారి సెలవిస్తారా? సాక్షులు వినవలెను."

"ఏందయ్యా, తిడితే ఇంత సంబరం?" అని ఆమె కంగారుపడి, "ఈయన మనసేం బాగలేదా వదినా?" అని పెంచలమ్మను అడిగింది.

"బాగుంటే నేను మీ ట్రాక్టరు ఎందుకెక్కుదును?" అన్నది పెంచలమ్మ.

మారుపేరు ఖరారైంది. తెల్లగుడ్డకు సైతం పాటలో ప్రస్తావన, పుట్టుక, సాక్ష్యం లభించాయి గనుక, దానిపై ఏ బొమ్మా వేయకుండా అదే శాశ్వత జెండాగా ప్రకటితమైంది. పలకలు తయారై వచ్చాయి. జిలానీ అన్నిటినీ బిగించాడు. పూలబస్సు ముందు పెద్ద అక్షరాలతో 'బస్సు లేని జిల్లా' అని మెరుస్తున్నది. ప్రారంభోత్సవానికి పెంచలమ్మ కూడా వచ్చింది. డ్రైవరు తాళంచెవి తిప్పాడు. ఇంజను గురగురలాడింది.

"ఆపండి!" అన్నారు కోదండపాణి గారు.

ఆయన ముఖంలో కొత్త వెలుగు కనిపించింది. నాకు భయమేసింది.

"మారుపేరు జిల్లా వారసత్వ సంపద. బస్సులు నడిచినచో 'బస్సు లేని జిల్లా' అన్న పేరు అసత్యమగును. చరిత్రకు ద్రోహము జరుగును. కావున సదరు పేరును పరిరక్షించు నిమిత్తము బస్సులను శాశ్వతముగా నిలిపివేయుటకు ప్రతిపాదనలు పంపుచున్నాను."

ఇంజను ఆగిపోయింది. జిలానీ బస్సు మెట్టు మీద కూలబడ్డాడు. పెంచలమ్మ అరవలేదు, ఏడవలేదు. ఖాళీబుట్ట సంకకెత్తుకొన్నది.

"సరే సామీ. నాగలి మా బావకాడ ఉండాది. ఇప్పుడే పోయి అడుగుతా. అమ్మవారికి వచ్చే యేడు జొన్నకంకులు తెస్తా, కట్టుకోమను."

ఆమె రెండడుగులు వేసింది. అమ్మవారి మెడలో జొన్నకంకుల దండ నా కళ్ళకు కట్టింది. నేను ఏనాడూ అధికారుల ఎదుట గొంతు పెంచినవాణ్ణి కాను. ఆ రోజు పెంచాను.

"అయ్యా, ఒక సందేహం! ఆ కనెక్టికట్‌లో జాజికాయ చెట్లు ఎన్ని ఉన్నాయి?"

"జాజికాయ చెట్లా? అక్కడ మంచు కురుస్తుందండీ. ఒక్కటి కూడా బ్రతకదు."

"పోనీ, ఇప్పుడు చెక్క జాజికాయలైనా అమ్ముతున్నారా?"

"ఛ! ఎంతో నిజాయితీపరులు."

"అంటే జాజికాయ రాష్ట్రంలో జాజికాయ పండదు. చెక్కది అమ్మరు. పేరుకూ వాస్తవానికీ వీసమెత్తు సంబంధం లేదు. అందువల్లనే గదా ఆ పేరుకు అంత శోభ! మన శాస్త్రాలలో కాకతాళీయ న్యాయం వంటివి అనేకం ఉన్నాయి. ఇది చెక్క జాజికాయ న్యాయం: మారుపేరు అన్నది అబద్ధమై ఉన్నంతకాలమే మారుపేరు. నిజమైననాడు అది వట్టి ఫిర్యాదు. బస్సులు ఆపితే 'బస్సు లేని జిల్లా' అన్నది మారుపేరు కాదండీ. ప్రజలు మీమీద పై అధికారులకు పెట్టుకొనే అర్జీ."

కోదండపాణి గారు బస్సు పలకను మళ్ళీ చదివారు. పెదవులు కదిలాయి. 'అర్జీ' అన్న మాట ఆయన లోపలికి దిగుతున్నట్టు కనిపించింది.

"అట్లయిన..." అన్నారు నెమ్మదిగా, "ఈ పేరు అబద్ధముగా నిలిచి ఉండవలెనన్నచో, బస్సులు నడువవలెనందురా?"

"నడవడమే కాదు. విపరీతంగా నడవాలి. ఇంత అబద్ధపు మారుపేరు అమెరికాలో సైతం లేదనిపించాలి."

ఆయన కళ్ళు తడిశాయి. "జిలానీ గారూ! ఈతమానుపల్లెకు ఎన్ని బస్సులు?"

"పొద్దున ఒకటే సార్."

"సిగ్గుచేటు! చరిత్ర మనల్ని క్షమించదు. సాయంకాలం కూడా ఒకటి వేయండి. మన మారుపేరును అడుగడుగునా ఖండించవలెను!"

"పెంచలమ్మక్కా!" అని అరిచాడు జిలానీ, "నాగలి వద్దుకా, బస్సెక్కు!"

ఆమె వెనుదిరిగి వచ్చింది. బస్సు ముందు నిలిచి పలకను ఎగాదిగా చూసి, "ఏం రాసినారు సామీ దీని మింద?" అని అడిగింది.

"బస్సు లేని జిల్లా అని."

"మరి ఇదేంది, పాలిచ్చే ఎనుమా?" అని, నవ్వుతూ ఎక్కి, కిటికీ పక్కన కూర్చొన్నది. ఎక్కినదల్లా మళ్ళీ దిగి, డిపో గడకు ఎగురుతున్న జిల్లా జెండాను పరీక్షగా చూసింది. "జిలానీ, మంచి నూలుగుడ్డ. పూల మింద కప్పేదానికి నా కాడ గుడ్డ సినిగిపోయింది."

జిలానీ అధికారి వైపు చూశాడు. అధికారి అప్పటికే సాయంకాలపు బస్సు ఉత్తర్వులో మునిగి ఉన్నారు. జెండా దిగింది.

ఇప్పుడు మా జిల్లా జెండా ప్రతి ఉదయం పూలబస్సు మీద చామంతి బుట్టలపై తడిసి పరచుకొని, కోనలోనుంచి వెలిగోనకు ఊరేగుతూ వస్తుంది. దానికి అందరూ దారి ఇస్తారు. నా పూజకు పూలు వేళకు అందుతున్నాయి.

ఈ కథను శ్రద్ధగా చదివినవారికి, చదివించి విన్నవారికి, ఆఖరికి సగం విని కునికినవారికి సైతం, చెంచులక్ష్మీసమేత నరసింహస్వామి కృపవల్ల ఎక్కవలసిన బస్సు ఎక్కవలసిన వేళకు, కూర్చోవడానికి చోటుతో సహా లభించుగాక!